ఎదురు చదువరి

మా ఇల్లు, భోజనాల బల్ల దగ్గర
మార్చి 4

మేనకోడలికి,

నిన్న మీటింగులో నీ ముఖం చూశాను కాబట్టి క్షేమమేనా అని అడగను. నా ముఖం మాత్రం ఎవరికీ కనపడలేదట. కెమెరా పైకి తిరిగి ఉందట. అరగంట సేపు అందరూ మా ఫ్యాను తిరగడం చూశారు.

నన్ను ఈ కంపెనీలో చేర్పించి రెండు నెలలైంది. ‘ఎలా ఉంది మావయ్యా’ అని మూడుసార్లు ఫోను చేశావు. ఫోనులో నేనేం చెప్పినా నువ్వు ‘ఊఁ’ అంటావు. ఆ ఊఁకి అర్థం తేల్చుకోవడానికి నాకు రెండు రోజులు పడుతుంది. కాగితం మీదైతే పూర్తి వాక్యం రాయక తప్పదు. అందుకని ఇక నుంచి ఉత్తరాలే.

నలభై ఏళ్లు సైరను కూతకి లేచినవాణ్ణి. ఇక్కడ సైరను లేదు, గేటు లేదు, హాజరు పుస్తకం లేదు. అసలు ఆఫీసే లేదు. సోమవారం పొద్దున పనుల జాబితా వస్తుంది. అందులో క్లయింటు పేరుండదు, పని మాత్రం ఉంటుంది. నచ్చితే తీసుకో, లేకపోతే ఊరుకో. ఊరుకున్నందుకు ఎవరూ ఏమీ అనరు. మొదటి వారం నన్ను భయపెట్టింది అదే. తిట్టేవాడు లేని ఉద్యోగంలో మనిషి దేనికి ఆనుకోవాలో తెలియలేదు.

మనవాళ్లని చూస్తున్నాను. ఒక లాయరమ్మ చంటిదాన్ని ఒళ్లో వేసుకుని ఒప్పందాల్లో లొసుగులు పడుతుంది. రైళ్ల టైంటేబుళ్లు వేసి రిటైరైన పెద్దమనిషి మధ్యాహ్నం పన్నెండు దాటితే ప్రపంచం మునిగినా పలకడు. పనులు పంచే కోఆర్డినేటరమ్మకి నేను ‘నిదానం’ అని పేరు పెట్టాను. నేను నోరు తెరవక ముందే ‘నిదానంగా చెప్పండి’ అంటుంది. నన్ను ఎవరూ సార్ అనరు. నా వయసు సంగతి ఎవరికీ పట్టదు. నేను చెప్పేది నిజమా కాదా అన్నదే పట్టింపు. నేను పని చేసిన చోట్ల ఈ వరస తలకిందులుగా ఉండేది.

ఇప్పుడు అసలు సంగతి. పోయిన సోమవారం జాబితాలో ఒక పని: ‘గాజు ఫర్నేసు. నడపాలా, ఆపాలా? నిపుణుల అభిప్రాయం కావాలి.’ తీసుకున్నాను. ఒప్పుకున్నాక పేరు బయటపెట్టారు. నేను ముప్పై ఒక్క ఏళ్లు చేసిన సీసాల ఫ్యాక్టరీ!

నీకు ఫర్నేసు సంగతి తెలియదు కాబట్టి చెబుతున్నాను. గాజు ఫర్నేసు ఒకసారి వెలిగిస్తే పదేళ్లు ఆరకూడదు. లోపల కరిగిన గాజు రోజూ కాస్త కాస్త ఇటుకల్ని తింటూనే ఉంటుంది. కరిగిన గాజు బయటికి వచ్చే సన్నటి దారిని గొంతు అంటాం. అక్కడ ఇటుక ముందు అరుగుతుంది. అది తెగితే నిప్పు నది షెడ్డులోకి వస్తుంది. ఎప్పుడు ఆపాలో చెప్పగలిగినవాడే ఫర్నేసు మనిషి.

పందొమ్మిదేళ్ల కిందట ఇంకో ఏడాది నడుస్తుందన్నాను. నా కింద పనిచేసేవాడు నా తల మీదుగా యజమానులకి నోటు రాశాడు, వెంటనే ఆపకపోతే గొంతు తెగుతుందని. ఆపేశారు. నన్ను కుర్చీ మార్చి స్టోర్సులో కూర్చోబెట్టారు. మర్నాడే రాజీనామా ఇచ్చాను. వాడికి ‘శ్రుతిపెట్టె’ అని పేరు పెట్టింది నేనే, పైవాళ్లు ఏ రాగం తీస్తే దానికి వంత పాడతాడని. ఇప్పుడు ఆ ఫ్యాక్టరీకి మేనేజరు వాడే. ఈ ఫర్నేసుని ఇంకో రెండేళ్లు లాగుతానంటున్నాడు. యజమానులకి నమ్మకం లేక మనల్ని అడిగారు. ఆపేస్తే మళ్లీ కట్టరు. ఫ్యాక్టరీ మూతే.

వాడి రాత నా చేతికొచ్చింది. దేవుడున్నాడని ఇన్నాళ్లూ ఒప్పుకోలేదు. ఇప్పుడు ఆలోచిస్తున్నాను.

మావయ్య


మేడ మీద గది, ఆరేసిన బట్టల మధ్య
మార్చి 13

మావయ్యకి,

ఉత్తరం రాయడం మరిచిపోయానని మీ ఉత్తరం వచ్చాక తెలిసింది. నాలుగు కాగితాలు చింపాను. పూర్తి వాక్యాలు అడిగారుగా, అనుభవించండి.

పొద్దున్నే ఐదింటికి కూర్చుని పదకొండుకి లేస్తాను. ఆ తర్వాత రోజంతా నాది. వెనకటి కంపెనీలో పని అయిపోయినా బాసు వెళ్లేదాకా కూర్చునేవాళ్లం. ఆయన వెళ్లకపోవడానికి కారణం మేమంతా కూర్చుని ఉండటమని తర్వాత తెలిసింది. ఇక్కడ కాపలా కాసేవాళ్లు లేరు. హాయి దానివల్లే, చిక్కూ దానివల్లే. రెండో ఏడు నేను ఒక రిపోర్టులో సగం ఊహించి రాశాను. ఎవరూ చూడరనుకున్నాను. ఎదురు చదువరి చూశారు.

మీకింకా ఎదురు చదువరి తగల్లేదు కదా. మన దగ్గర ఏ రిపోర్టూ నేరుగా క్లయింటుకి వెళ్లదు. మనలోనే ఒకరు దాన్ని తప్పని నిరూపించడానికి చదువుతారు. అది ఎవరన్నది లెక్క తేలేదాకా రాసినవాళ్లకి చెప్పరు. కోపం తెచ్చుకోకండి, అందరికీ ఉన్నదే.

శ్రుతిపెట్టె కథ నేను బళ్లో చదివే రోజుల నుంచీ వింటున్నాను. మా అమ్మ ఎవరినైనా తిట్టాలంటే ఆ పేరే వాడేది. అయినా ఒకటి అడుగుతాను. ఆ ఫ్యాక్టరీలో పనిచేశానని నిదానంగారికి చెప్పారా? ఎందుకు మానేశారో కూడా చెప్పారా?

అక్కడ ఇప్పుడు ఎంతమంది ఉన్నారు?

మీ మేనకోడలు


మా ఇల్లు, భోజనాల బల్ల
ఏప్రిల్ 6

మేనకోడలికి,

పనిచేశానని చెప్పాను. ‘అయితే ఇంకా మంచిది, మీకు అణువణువూ తెలుసు’ అంది నిదానం. ఎందుకు మానేశావని ఆమె అడగలేదు, నేను చెప్పలేదు. అడగనిదానికి జవాబివ్వడం నాకు బళ్లో కూడా అలవాటు లేదు. అక్కడ రెండు వందల పది మంది ఉన్నారు. లెక్క నాకూ తెలుసు.

రిపోర్టు ఇరవై రెండు పేజీలు రాసి ఇచ్చాను. నా జన్మలో అంత బాగా రాయలేదు. ‘ఫర్నేసును తక్షణం ఆపవలెను’ అన్న వాక్యం దగ్గర మీ అత్తయ్యని పిలిచి చదివి వినిపించాను. ఆమె మొత్తం విని, ‘తీర్పులా ఉంది, రిపోర్టులా లేదు’ అంది. మెచ్చుకోలుగానే తీసుకున్నాను.

తర్వాత వచ్చాడమ్మా నీ ఎదురు చదువరి! నలభై ఒక్క ప్రశ్నలు. ఎవడో బొడ్డూడనివాడు, ఫర్నేసు బొమ్మలో తప్ప చూసి ఉండడు, నన్ను నిలదీస్తున్నాడు. ‘మూడో పేజీలో అజాగ్రత్త అన్నారు. ఎవరిది, ఏ రోజు?’ ‘ఆరో పేజీలో అందరికీ తెలిసినదే అన్నారు. ఆ అందరూ ఎవరు?’ ‘పదకొండో పేజీలో మేనేజరు స్వభావం గురించి రాశారు. ఇటుకకి ఆయన స్వభావంతో పనేమిటి?’ ఇలాంటి వంకర మాటలు. తొమ్మిదో పేజీ దగ్గరైతే ఒకే ఒక్క ముక్క: ‘ఈ కొలత ఎవరు తీశారు?’

ముప్పై ఒక్క ఏళ్లు ఆ వేడిలో కనుబొమలు కాల్చుకున్న మనిషిని పట్టుకుని కొలత ఎవరు తీశారంటాడా! ఒక్కదానికీ జవాబివ్వలేదు. ‘అనుభవం’ అని ఒక్క మాట నలభై ఒక్క చోట్లా రాసి తిప్పి పంపాను. వాడెవడో నీకు తెలిస్తే చెప్పు. వాడికి ఫర్నేసు అంటే ఏమిటో ఉత్తరం రాస్తాను.

మావయ్య


మేడ మీద గది
ఏప్రిల్ 12

మావయ్యకి,

ఆ బొడ్డూడనిది నేనే.

పేరు చెప్పకూడదు. చెబుతున్నాను. ఈ పని నాకు వచ్చినప్పుడు ఆయన మా మావయ్య అని నిదానంగారితో చెప్పాను, వద్దన్నాను. ‘అయితే ఇంకా గట్టిగా చదువుతావు’ అని నవ్వేశారు. నిజానికి మొదటిసారి చదివినప్పుడు గట్టిగా చదవలేదు. మీ గొంతు వినపడుతుంటే చప్పట్లు కొట్టాలనిపించింది. రెండోసారి మీ పేరు పక్కన పెట్టి చదివాను. అప్పుడు ప్రశ్నలు వచ్చాయి.

నలభై ప్రశ్నలు వదిలేస్తాను. తొమ్మిదో పేజీ ఒక్కటే అడుగుతాను. గొంతు ఇటుక నాలుగు సెంటీమీటర్లే మిగిలిందని రాశారు. రిపోర్టుతో మీరు జతచేసిన ఫ్యాక్టరీ కాగితాల్లో ఆ అంకె ఎక్కడా లేదు. మీరు కొలిచారనుకుందామంటే, గేటు దగ్గర మీ పేరు లేదు. కనుక్కున్నాను. మీరు ఫ్యాక్టరీకి వెళ్లనేలేదు. పద్దెనిమిది ఫోటోలు చూసి భోజనాల బల్ల దగ్గర కూర్చుని రాశారు.

మన కంపెనీలో అది తప్పు కాదు. ఎక్కడి నుంచైనా పని చెయ్యొచ్చు. లాయరమ్మ చెయ్యొచ్చు, నేను చెయ్యొచ్చు. ఇది మాత్రం ఇటుక, మావయ్యా. ఫర్నేసు ముందు నిలబడకుండా ఫర్నేసు గురించి మాట్లాడేవాళ్లని మీరేమని తిట్టేవారో మా ఇంట్లో పిల్లలందరికీ కంఠతా వచ్చు.

మీరు వెళ్లిరండి. వెళ్లి చూసి నాలుగే అంటే, ఒక్క ప్రశ్న కూడా అడగకుండా సంతకం పెడతాను.

మీ మేనకోడలు


మా ఇల్లు
ఏప్రిల్ 16

చిరంజీవికి,

నిన్ను భుజాల మీద ఎక్కించుకుని తిప్పాను. ఇప్పుడు దిగకుండానే చెవులు మెలిపెడుతున్నావు. బాగుంది.

నేను ఆ గేటు తొక్కను. వాడి చేత కుర్చీ వేయించుకుని కూర్చోను. రిపోర్టులో అక్షరం మార్చను. సంతకం పెడితే పెట్టు, లేకపోతే మానెయ్. ఇక ఉత్తరాలు అనవసరం.

మావయ్య

(కింద వేరే చేతిరాత)
అమ్మాయీ, రెండు రోజులుగా నడవాలో ఆ చివరి నుంచి ఈ చివరికి తిరుగుతున్నారు. చెప్పులు అరుగుతున్నాయి, నా బుర్ర కూడా. ఉత్తరం అనవసరం అన్నది ఆయన. నువ్వు రాయి. — అత్తయ్య


మేడ మీద గది
ఏప్రిల్ 20

మావయ్యకి,

అత్తయ్య రాయమన్నారు కాబట్టి రాస్తున్నాను. మీరు చదవకపోతే ఆవిడ చదివి వినిపిస్తారు.

సంతకం పెట్టను. నేను పెట్టకపోయినా రిపోర్టు ఆగదు. మీ అభిప్రాయం, ‘ఎదురు చదువరి ఒప్పుకోలేదు’ అన్న ఒక్క వాక్యం కలిసి క్లయింటుకి వెళతాయి. యజమానుల సమావేశం మే రెండున. వాళ్లకి ఆపాలనే ఉందని విన్నాను. మీ ఇరవై రెండు పేజీలూ పట్టుకుని ఆపేస్తారు. నా వాక్యం ఎవరూ చదవరు.

మీరు చెప్పింది నిజమే కావచ్చు. నిజమైతే ఆ షెడ్డులో ఇవాళ నిలబడ్డవాళ్లు ప్రమాదంలో ఉన్నారు, ఒక్క రోజు కూడా ఆగకూడదు. కాకపోతే రెండు వందల పది మంది ఊరికే ఇళ్లకి పోతారు. రెండిట్లో ఏదో మీకు తెలియదు. నాకూ తెలియదు. తెలుసుకోగలిగినది మీరొక్కరే. నేను వెళితే గొంతు ఏదో, గోడ ఏదో గుర్తుపట్టలేను.

శ్రుతిపెట్టె మీద మీకున్న కోపం న్యాయమైనదే అయితే, పది రోజులు ఆగినా అరిగిపోదు.

మీ మేనకోడలు


ఫ్యాక్టరీ అతిథి గది, కిటికీలోంచి పొగగొట్టం కనపడుతోంది
ఏప్రిల్ 27

మేనకోడలికి,

వచ్చాను. గేటు దగ్గర పుస్తకంలో పేరు, ఊరు, వచ్చిన పని రాయమన్నారు. పని అన్న చోట ‘కొలత’ అని రాశాను.

శ్రుతిపెట్టె ఎదురొచ్చాడు. జుట్టంతా పోయింది. ‘రండి సార్’ అన్నాడు. నాలుగు నెలల్లో నన్ను సార్ అన్న మొదటి మనిషి వీడే అవ్వాలా! నేను తలూపాను. కుర్చీ చూపించాడు. కూర్చోలేదు. నేరుగా ఫర్నేసు దగ్గరికి నడిచాను. పాత మెట్లు తీసేసి కొత్తవి వేశారు. అయినా కాళ్లకి దారి తెలుసు.

‘మీరు రారేమోనన్నారు సార్ మావాళ్లు’ అన్నాడు వెనక నుంచి. ‘ఫోటోలు చూసి రాసేస్తారన్నారు. మా సార్ అలా రాయరురా అన్నాను.’

ఆ మాట వెటకారమైతే తట్టుకునేవాణ్ణి. వాడు నిజంగానే అన్నాడు.

ఇప్పుడు ఇటుక మీద ఆనించి మందం చెప్పే పరికరం ఉంది. గొంతు దగ్గర వేడికి చేతులు రెండు నిమిషాలు మించి నిలవవు. ఆరు చోట్ల కొలిచాను, చోటుకి మూడుసార్లు. అన్నిటికన్నా పల్చగా ఉన్నచోట పదకొండు సెంటీమీటర్లు. నాలుగు కాదు. నా నాలుగు నా కడుపులోంచి వచ్చిన అంకె.

నీకు చెప్పనిది ఇంకొకటి ఉంది. చెబితే తప్ప ఈ ఉత్తరం ముగించలేను. మార్చిలో ఫ్యాక్టరీవాళ్లు పంపిన కాగితాల్లో పాత ఫర్నేసు విప్పినప్పటి కొలతల పుస్తకం కూడా ఉంది. ఇంకో ఏడాది నడుస్తుందని నేనన్న ఫర్నేసు అది. గొంతు ఇటుక మూడు సెంటీమీటర్లు మిగిలింది. అంత పల్చబడితే ఇటుక పగలడమే, మహా అయితే నెల. నా మాట విని ఉంటే ఆ షెడ్డులో ఎవరెవరు ఉండేవాళ్లో పేర్లతో సహా చెప్పగలను. ఆ పేజీ చూశాను, ఫైలు మూశాను, ఇరవై రెండు పేజీలు రాశాను. నువ్వు అడిగిన నలభై ఒక్క ప్రశ్నల్లో ఈ ప్రశ్న లేదు. ఆ పుస్తకం నీకు పంపితే కదా అడగడానికి!

సాయంత్రం వాణ్ణి అడిగాను. ‘మూడు సెంటీమీటర్ల సంగతి నాకెందుకు చెప్పలేదు?’

‘రాశాను సార్. ఉత్తరం విప్పకుండానే తిరిగొచ్చింది.’

గుర్తొచ్చింది. కవరు మీద వాడి చేతిరాత చూసి నేనే పోస్టుమాన్‌కి తిరిగి ఇచ్చేశాను. మీ అత్తయ్య వద్దంది కూడా.

‘ఏం రాశావు అందులో?’

‘ఏముంది సార్. మూడు అని రాశాను. షిఫ్టుకోసారి గొంతు ఇటుక బయటి వేడి రాసుకోమని మీరే నేర్పారు కదా, ఆ లెక్కలోంచే తెలిసిందని రాశాను. ఆఖరి రెండేళ్లూ మీరు ఆ పుస్తకం తెరవలేదు సార్. కంటితో చూసి చెప్పేసేవారు. మీ ముందు ఆ మాట అనే ధైర్యం లేక పైవాళ్లకి రాశాను. అది తప్పే.’

‘టీ ఉందా’ అన్నాను.

ఇంతటితో వాడు దేవుడైపోయాడనుకోకు. రెండేళ్లన్న లెక్క చూపించమన్నాను. నెలకి అర సెంటీమీటరు అరుగుతోంది. పదకొండుని అర చొప్పున సున్నాదాకా లాగేసి, దాదాపు రెండేళ్లన్నాడు.

‘సున్నాదాకానా! ఐదు దగ్గర ఆపాలని నీకు తెలియదూ?’

‘తెలుసు సార్. పన్నెండు నెలలంటే కొత్తది కట్టడానికి చాలదని మూసేస్తారు. రెండేళ్లంటే ఆలోచిస్తారని...’

‘అంటే వాళ్లకి ఏ మాట చెవికి ఇంపుగా ఉంటుందో ఆ మాట చెప్పావు. ఆ పేరు నీకు నేను ఊరికే పెట్టలేదురా!’

నవ్వాడు. నేను నవ్వలేదు. ఇద్దరం కూర్చుని పాత పక్కనే కొత్తది కట్టడానికి ఎన్నాళ్లు పడుతుందో లెక్క వేశాం. వాడు పదహారు నెలలన్నాడు, నేను తొమ్మిదన్నాను. కొట్టుకుని కొట్టుకుని పదకొండు దగ్గర ఆగాం.

ఈ ఉత్తరంతో పాటే కొత్త రిపోర్టు పంపుతున్నాను. నాలుగు పేజీలు: పన్నెండు నెలలు నడపొచ్చు, ఆలోపు పక్కన కొత్తది కట్టొచ్చు. విశేషణాలు లేవు. ఎందుకు మానేశానన్నది, మూడు సెంటీమీటర్లతో సహా మొదటి పేజీలోనే రాశాను. నిదానానికి కూడా ఫోను చేసి నిదానంగా చెప్పాను. నీకు ఎన్ని ప్రశ్నలుంటే అన్నీ అడుగు. ఈసారి జవాబులున్నాయి.

మావయ్య


మేడ మీద గది
మే 5

మావయ్యకి,

ప్రశ్నలు ఏడు అడిగాను, ఏడింటికీ అంకెలతో జవాబొచ్చింది. సంతకం పెట్టేశాను. పాత రిపోర్టు దాచుకున్నాను. తిట్లు నేర్చుకోవడానికి పనికొస్తుంది.

యజమానులు ఒప్పుకున్నారు. పాతది పన్నెండు నెలలు నడుస్తుంది, పక్కనే కొత్తది కడతారు. ఒక షరతు పెట్టారు: గొంతు మందం ప్రతి వారం మన కంపెనీ మనిషి స్వయంగా కొలవాలి, ఐదుకి రాగానే ఆపించే అధికారం ఆ మనిషిదే. ఎవరు పడితే వాళ్లు చేసేది కాదు, ఇంట్లో కూర్చుని చేసేది అసలే కాదు.

సోమవారం జాబితాలో ఆ పని వచ్చింది. ఇవాళ మంగళవారం. ఎవరూ తీసుకోలేదు. రైళ్ల పెద్దాయన, ‘అది ఆయనది కదా’ అన్నారట. మధ్యాహ్నం ఒంటిగంటకి అన్నారట, అందుకే అందరూ గంభీరంగా తీసుకున్నారు.

మూడు సెంటీమీటర్ల సంగతి మా అమ్మకి చెప్పాను. ‘మరి ఇప్పుడు ఎవరి పేరు పెట్టి తిట్టను’ అంది.

మీ మేనకోడలు


ఫ్యాక్టరీ, ఫర్నేసు పక్క గది
మే 13

మేనకోడలికి,

మీ అమ్మని ఆ పేరే వాడమను. వీడు మారలేదు.

నిన్న మొదటి కొలత. రైలు దిగి నేరుగా వచ్చాను. కొత్త ఫర్నేసుకి పునాది తవ్వుతున్నారు. మట్టి గుట్టల మీదుగా నడిచి రావలసి వచ్చింది. పరికరం నేను పట్టుకున్నాను, పుస్తకం వాడు పట్టుకున్నాడు. ఆరు చోట్లా కొలిచాం. పల్చటి చోట పది పాయింట్ ఎనిమిది.

‘పదకొండని రాసుకుందాం సార్’ అన్నాడు. ‘పాయింట్ రెండే కదా. యజమానులు చూస్తే కంగారు పడతారు.’

పరికరం వాడి చేతిలో పెట్టి, నువ్వే కొలవమన్నాను. చెమటలు కారుతుండగా మూడుసార్లు కొలిచాడు. మూడుసార్లూ పది పాయింట్ ఎనిమిదే.

అదే రాయించాను, వాడి చేత్తోనే.

మావయ్య